గుండ్లు కుదురుకునేదాకా

నవంబరు 3, సోమవారం

పదకొండో రోజు. ఇవాళ కూడా కుదరలేదు.

నాన్నకి ఫ్యాక్టరీలో సేఫ్టీ వారోత్సవాలప్పుడు ఇచ్చిన ప్రశంసాపత్రం ఫ్రేము ఉంది కదా. కాగితం తీసి బీరువాలో దాచి, వెనకచెక్క ఊడదీసి, ఫ్రేమును బోర్లా పెట్టాను. అద్దం అడుగున్న పళ్ళెంలా తయారైంది. ఒక అంచు కింద కెమిస్ట్రీ పుస్తకం పెట్టి కాస్త ఎత్తు చేసి, ఇనప గుండ్లు పోసి, పెన్సిలుతో చట్రం మీద తట్టాను. టక్, టక్, టక్. రెండు వందలసార్లు. గుండ్లన్నీ పల్లానికి దిగి, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆగిపోయాయి. ఒక్క వరస లేదు. చిల్లకల్లు అడ్డరోడ్డులో బస్సాగగానే తోసుకునే జనంలా ఉన్నాయి.

లైబ్రరీ పుస్తకంలో ఇలా లేదు. గోళాలు పల్లానికి జారుతూ, అన్నిటి స్థితిశక్తీ కలిపి కనిష్ఠమయ్యేదాకా కదులుతాయట. చివరికి తేనెపట్టు గదుల్లాగా, ఒక్కోదాని చుట్టూ ఆరేసి చొప్పున నిలుస్తాయట. వాటిని ఎవరూ పేర్చరు. అవే పేరుకుంటాయి. నన్ను పట్టుకుని వదలనిది ఆ మాటే.

డిసెంబరు పన్నెండున మా నందిగామ డిగ్రీ కాలేజీలోనే సైన్సు ప్రదర్శన. చుట్టుపక్కల కాలేజీలన్నీ వస్తాయి. నా ప్రయోగం ఇదేనని ఫిజిక్స్ ల్యాబులో ప్రద్యుమ్న సార్‌కి చూపించాను. ఆయన ఫ్రేములోకి తొంగి చూశారు.

"ఏంటమ్మా రూబీ, పప్పులో రాళ్ళేరుతున్నావా?"

క్లాసంతా నవ్వింది. నా పక్క బెంచీ వైదేహి నవ్వలేదు. నవ్విందేమో. నేను చూడలేదు.

ఇవాళ్టి మాట: కనిష్ఠం. పలికితే చివర్న ఊపిరి ఒక్క దెబ్బ కొట్టి ఆగుతుంది. అడుగు తగిలినట్టు.

నవంబరు 4

లేదు.

నవంబరు 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక నాన్న నా ఫ్రేము ముందు గొంతుక్కూచున్నాడు. నాన్న జగ్గయ్యపేటకి దగ్గర్లో సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, బాల్ మిల్లులో. ఇనప డ్రమ్ము సగానికి గుండ్లు పోసి తిప్పుతారు, రాయి పిండైపోతుంది. ఈ గుండ్లు నాన్న తెచ్చినవే. అరిగిపోయి తీసేసినవాటిలో, ఒకేలా కనబడేవి ఏరి తెచ్చాడు.

"ఇయ్యెక్కడ కుదురుతయ్ తల్లీ?" అన్నాడు, ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ. "మిల్లులో పోసినప్పుడు అన్నీ ఒకటే. ఏడాది తిరిగేసరికి దేని అరుగుడు దానిదే. ఇది చూడు, గుండా, గుడ్డా?"

తీసుకుని నేల మీద దొర్లించాను. తిన్నగా పోలేదు. వంకర పోయింది.

"తెచ్చిన రోజే చెప్పొచ్చుగా నాన్నా! పదిహేడు రోజులు!"

"ఆడుకోటానికనుకున్నా."

"నాకు పంతొమ్మిదేళ్ళు."

"అయితే? మీ అమ్మకి నలభై. నిన్న పక్కింటోళ్ళతో అష్టాచెమ్మా ఆడి గొడవ పడొచ్చింది."

లోపల్నించి అమ్మ అరిచింది: "గొడవ పడలా. న్యాయం అడిగా!"

తర్వాత నాన్న చెప్పింది రాసుకున్నాను. మిల్లులో కావాలనే చిన్నా పెద్దా కలిపి పోస్తారు. పెద్దవి రాయిని పగలగొడతాయి, చిన్నవి సందుల్లో దూరి పొడి చేస్తాయి. వరసల్లో కుదురుకునే గుండ్లతో మిల్లు ఆడదు. "మాకు కుదరకూడదు, నీకు కుదరాలి. నీక్కావాల్సింది బేరింగు గుండ్లు. అయ్యి ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా ఉండవు."

ఇంకే ఇంట్లోనైనా ముందు గోళీలు కొనుక్కుని ఉండేవాళ్ళు. మా ఇంట్లో గుండ్లంటే మిల్లు గుండ్లే.

నవంబరు 10

సైకిల్ షాపు ఏలీయా బాబాయ్ కొత్త బేరింగు గుండ్ల డబ్బా చేతిలో పెట్టాడు. ఆరు వందలకి పైనే. "గ్రీజు తుడుచుకో. తుడవకపోతే ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు, అన్నదమ్ముల్లాగా" అన్నాడు.

ఆయనకీ వాళ్ళ అన్నకీ మాటల్లేవు. నవ్వలేదు నేను.

నవంబరు 11

వచ్చింది!

రాయకుండా చెయ్యి ఆగడం లేదు. ముందు గట్టిగా తట్టాను. కుప్ప అంతా ఉలిక్కిపడి కదిలింది. తర్వాత మెల్లగా. ఇంకా మెల్లగా. కింది అంచున ఒక వరస దారం పట్టి గీసినట్టు నిలబడింది. దాని సందుల్లోకి పై వరస. దాని మీద ఇంకోటి. ఏ గుండును చూసినా చుట్టూ ఆరు. లెక్కపెట్టి, అమ్మ చేత కూడా లెక్కపెట్టించాను.

"నువ్వు పెట్టలా?" అంది అమ్మ.

"పెట్టలేదమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

అమ్మ చాలాసేపు చూసింది. పత్తి తీతకి వెళ్ళాలన్న సంగతి మర్చిపోయింది. "మరి ఆ గీతేంటి?" అంది.

నిజమే, నేను చూడలేదు. కుడివైపు వరసలు ఒక వాలులో, ఎడమవైపు ఇంకో వాలులో ఉన్నాయి. రెండూ కలిసే చోట నిలువుగా ఒక పగులు. అటు గుండ్లూ బాగానే కుదురుకున్నాయి, ఇటు గుండ్లూ బాగానే కుదురుకున్నాయి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

మెత్తగా తడుతూ కూచున్నాను. ఏడో నిమిషంలో పగులు పక్కనున్న ఒక గుండు లేచి, పక్క సందులో పడింది. దాని వెనక ఇంకోటి. చివరికి పగులంతా మూసుకుపోయింది. చప్పుడు కూడా విన్నాను. విన్నాననుకుంటున్నాను.

నవంబరు 13

ప్రద్యుమ్న సార్ ఈసారి నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి చూశారు. "ఇది పైకి పోతుంది" అన్నారు. ఏదైనా గెలిచేలా ఉంటే ఆయన అలాగే అంటారు.

బస్సులో జగ్గయ్యపేట దాకా నిలబడే వచ్చాను. కాళ్ళు నొప్పి పుట్టలేదు.

నవంబరు 17, సోమవారం

సార్ పిలిచి చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను.

"జడ్జిలు బెజవాడ నించి వస్తారు. టేబుల్ దగ్గర వైదేహి మాట్లాడుతుంది. దాని ఇంగ్లీషు బాగుంటది. నువ్వు పక్కన నిలబడి తట్టు."

"నా ప్రయోగం సార్."

"కాదన్నానా? పేరు ఉంటది, రెండోది. ఇంకో మాట. మూడు నిమిషాల్లో ఈ తట్టడం తేలదు. థర్మాకోల్ బంతులు తెచ్చి, ఆరేసి చొప్పున అంటించి, బంగారం రంగు వేద్దాం. కళగా ఉంటది."

"అంటిస్తే ఇంకేం ఉంటుంది సార్? అవి వాటంతటవి చేరడమే కదా ప్రయోగం."

"పదో తరగతి దాకా తెలుగు మీడియం కదమ్మా నువ్వు. స్టేజీ మీద తడబడితే కాలేజీ పరువు. కొంచెం సర్దుకోవాలి."

ఇవాళ్టి మాట లేదు.

నవంబరు 18

ఆ సంగతి మర్చిపోయాను. దాని గురించి రాయను.

నవంబరు 19

వైదేహి అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చి నా పక్కన కూచుంది. వాళ్ళమ్మ చేసిన గోంగూర నా మూతలో వేసింది, ఎప్పటిలాగే.

"నేనడగలేదే రూబీ. సారే అన్నారు."

"తెలుసు."

"కోపమా?"

"నాకెందుకు కోపం?"

"మరి గోంగూర తినట్లేదేంటి?"

తిన్నాను. నాకు వైదేహి మీద కోపం లేదు. దానికిది ఒక పాట నేర్చుకోవడంలాంటిదే. "నువ్వు చెప్పు, నేను ఇంగ్లీషులో రాసుకుంటా" అంది.

"పగులు మూసుకోకుండా ఎందుకు ఆగిపోతుందో చెప్పగలవా?"

"రాసిస్తే చెప్తా."

"రాయంది అడిగితే?"

వైదేహి క్యారేజీ మూత పెట్టింది. "నీతో చచ్చే చావే" అంది. కోపంగా అనలేదు.

మధ్యాహ్నం ల్యాబుకి వెళ్ళి సార్‌తో చెప్పేశాను. "నేను అంటించను సార్. పక్కన నిలబడను. నేనే చెప్తాను, తెలుగులో."

"గైడు సంతకం లేకుండా నిన్ను లోపలికి ఎవరు రానిస్తారో చూస్తాలే."

మాట వెనక్కి తీసుకోలేదు. అది చాలు.

నవంబరు 20

దరఖాస్తు కాగితం నాలుగుసార్లు చదివాను. "గైడు: కళాశాల అధ్యాపకులు." ఏ సబ్జెక్టు అధ్యాపకులో రాయలేదు.

నవంబరు 24, సోమవారం

కమలాంబ మేడమ్ మాకు తెలుగు చెబుతారు. కాలేజీలో అందరూ ఆమెకి భయపడతారు, ప్రిన్సిపాల్ గారితో సహా. స్టాఫ్ రూములో ఫ్రేము ఆమె టేబుల్ మీద పెట్టి విషయం చెప్పాను. ఆమె దిద్దుతున్న పేపర్లు పక్కకి జరిపారు.

"పదో తరగతిలో నాకు సైన్సులో ముప్పై ఆరు మార్కులు. అందులో ఒకటి కనికరించి వేసింది. నాకర్థమైతే సంతకం పెడతా. అర్థం కాకపోతే పెట్టను. మొదలెట్టు."

తట్టడం మొదలుపెట్టాను. గుండ్లు జరుగుతుంటే ఆమె టేబుల్ మీదకి వంగారు.

"ఆరేసి చేరాలని వీటికెలా తెలుసే?"

"తెలీదండి. ఒక్కో గుండూ తన పక్కనున్న పల్లం చూసుకుంటుంది. అంతే."

"చూసుకోడానికి దానికి కళ్ళున్నాయా?"

"జారుతుందండి."

"ఆ. అలా చెప్పు. లేని కళ్ళు పెట్టకు. జారితే?"

"అన్నీ వీలైనంత కిందికి జారితే సందులు తగ్గుతాయండి. సందులు తగ్గాలంటే ఒక్కోదాని చుట్టూ ఆరు రావాలి. అంతకంటే బిగువుగా చేరే దారి లేదు. స్థితిశక్తి కూడా అప్పుడే అన్నిటికంటే తక్కువ."

"మరి ఈ పగులో? ఇదెందుకు మూసుకోలేదు?"

ఇది నేను బస్సులో వారం రోజులుగా నాలో నేను చెప్పుకుంటున్నది. "అక్కడి గుండ్లు చిన్న గుంటలో పడ్డాయండి. పక్కనే లోతైన గుంట ఉంది. కానీ అందులోకి పోవాలంటే ముందు గట్టెక్కాలి, అంటే ఒకసారి పైకి లేవాలి. తమంతట తాము పైకి లేవలేవు. అందుకే తట్టాలి. గట్టిగా తడితే కుదిరినవి కూడా చెదిరిపోతాయి. అసలు తట్టకపోతే అక్కడే ఆగిపోతాయి."

"ఎంత తట్టాలో ఎలా తెలుస్తుంది?"

"ముందు గట్టిగా, పోను పోను మెత్తగా. తొందరపడకూడదండి. అది తప్ప ఇంకో కిటుకు లేదు."

పెన్సిలు నా చేతిలోంచి తీసుకుని ఆమే తట్టారు. గంట మోగినా క్లాసుకి వెళ్ళలేదు. పగులు మూసుకున్నాక కాగితం అడిగి సంతకం పెట్టారు. పేరు కింద "తెలుగు శాఖ" అని రాసి, దాని కింద గీత కూడా గీశారు.

నవంబరు 25

ప్రద్యుమ్న సార్ స్టాఫ్ రూములో "ఫిజిక్సుకి తెలుగు మేడమా!" అన్నారట. మేడమ్ "అవునండి, మీకు ఖాళీ లేదని" అన్నారట. అటెండరు చెప్పాడు. మూడుసార్లు చెప్పించుకున్నాను.

డిసెంబరు 5

గడియారం పెట్టుకుని ఇరవైసార్లు చేశాను. ఒక్కసారి కూడా ఐదు నిమిషాల్లోపు కాలేదు. ఎక్కువసార్లు ఏడు.

ఒక్కో టేబుల్ దగ్గర జడ్జి ఉండేది మూడు నిమిషాలు.

గట్టిగా తట్టి తొందర చేస్తే పగుళ్ళు మూడు వస్తున్నాయి.

డిసెంబరు 8, సోమవారం

మేడమ్ ఒక ఉపాయం చెప్పారు. "జడ్జి నీ టేబుల్ దగ్గరికి రాకముందే మొదలెట్టు. ఆయన వచ్చేసరికి ముగింపు చూస్తాడు."

మంచి ఉపాయం. వద్దన్నాను. ముందున్న కుప్పను చూడనివాడికి చివరి వరసలు చూస్తే ఏం తెలుస్తుంది? చేత్తో పేర్చాననుకుంటాడు. అమ్మే అనుకుంది.

"మరి మార్కులు?"

"నాకు మార్కుల గురించి ఏమీ లేదండి."

మేడమ్ నా మొహం వంక చూశారు. "అబద్ధం తెలుగులో కూడా తెలిసిపోతుందమ్మా."

సరే. గెలవాలని ఉంది. అయినా కుప్ప నుంచే మొదలుపెడతాను.

డిసెంబరు 11

అమ్మ రేపు వస్తానంది. "పత్తి తీత పోగొట్టుకుని ఎందుకు" అన్నాను. ఆ మాట కూలి గురించే అన్నాను. అమ్మ ఇంకోలా అర్థం చేసుకుందేమో, బయటికి తీసిన చీర మళ్ళీ మడత పెట్టింది.

కూలి గురించే అన్నాను.

కాదు. సార్ ముందు అమ్మ ఎలా మాట్లాడుతుందోనని అన్నాను. రాసేశాను. ఇక్కడన్నా రాయకపోతే ఎక్కడ రాస్తాను? లేచి వెళ్ళి రమ్మని చెప్పాను.

"నేనెట్టాగూ వస్తా. నువ్వు చెప్పేదేంది" అంది.

డిసెంబరు 12, శుక్రవారం

ఇంటికొచ్చి అన్నం తిని రాస్తున్నాను. వరసగా రాస్తాను.

కాలేజీ ఆవరణలో షామియానా, నలభై టేబుళ్ళు. నా పక్క టేబుల్ వైదేహిది, సార్ చేయించిన బంగారు బంతుల గుట్టతో, కింద నీలం వెల్వెట్ గుడ్డతో. చాలా బాగుంది. బాగుందనే చెప్పాను. ప్రద్యుమ్న సార్ నన్ను చూడనట్టు దాని చుట్టూ తిరిగారు. నా టేబుల్ మీద ఫ్రేము, పెన్సిలు, కెమిస్ట్రీ పుస్తకం. అమ్మ మంచి చీర కట్టుకుని షామియానా గుంజ దగ్గర నిలబడింది.

జడ్జిలు ముగ్గురు. మా వరసకి వచ్చిన ఆయన పేరు ఉమాకాంతం గారు. తెల్ల జుట్టు, మెడలో బ్యాడ్జి, చేతిలో మార్కుల కాగితాలు. వైదేహి ఇంగ్లీషు వానలా కురిసింది. ఆయన తలూపి, రాసుకుని, నా దగ్గరికి వచ్చారు. ఇంగ్లీషులో ఏదో అడిగారు. అర్థమైంది.

"తెలుగులో చెప్తానండి" అన్నాను.

"చెప్పు."

గుండ్లు పోశాను. చెప్తూ తట్టాను. పల్లం, సందులు, ఆరు, స్థితిశక్తి. ఒక్క మాట తడబడలేదు. కింది వరసలు వస్తుంటే ఆయన కొంచెం వంగారు. అప్పుడే మధ్యలో పగులు పడింది. మూడో నిమిషంలో ఆయన గడియారం చూసుకున్నారు.

"ఆ గీత?"

"పోతుందండి. ఇంకో నాలుగు నిమిషాలు కావాలి."

"టైము లేదమ్మా. ఇంకా పదిహేను టేబుళ్ళున్నాయి." కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

నేను తట్టడం ఆపలేదు. ఆపితే ఏడుస్తానని కాదు. అయిపోలేదు కాబట్టి.

వైదేహి నా చెవి దగ్గరికి వంగింది. "వేలితో నెట్టెయ్యవే. ఆయన తిరిగి చూసేలోపు. ఎవరూ చూట్టంలా."

"నేను చూస్తున్నా కదే."

వైదేహి నిట్టూర్చి, తన బంగారు గుట్టను వదిలి నా టేబుల్ దగ్గరే నిలబడిపోయింది. షామియానా వాళ్ళ కుర్రాళ్ళు ఇద్దరు వచ్చారు. హైస్కూలు పిల్లలు వచ్చారు. టక్, టక్. ఒక గుండు లేచింది. పక్క సందులో పడింది. ఒక పిల్ల "హా!" అంది. తర్వాత రెండు, తర్వాత ఐదు, జిప్పు లాగినట్టు పగులు కింద నుంచి పై దాకా మూసుకుపోయింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మ గుంజ దగ్గర నుంచి అరిచింది: "అయిపోయిందండి! అయ్యా, తెల్లజుట్టు సారూ, అయిపోయింది, రండి!"

షామియానా అంతా ఇటు తిరిగింది. ప్రద్యుమ్న సార్ పరుగున వచ్చారు. "ఎవరమ్మా నువ్వు, ఇది సంత కాదు."

"మా అమ్మ సార్" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఉమాకాంతం గారు రాలేదు.

సాయంత్రం బోర్డు మీద మార్కులు అంటించారు. వైదేహిది రెండో స్థానం. నా పేరు ఎదురుగా మార్కులు తక్కువ, దాని పక్కన ఒక మాట: అసంపూర్ణం. మంచి మాటే, వేరే రోజైతే నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ప్రద్యుమ్న సార్ నా వెనక నిలబడి "నేను చెప్పలా?" అన్నారు.

జడ్జిలు టీ తాగుతున్న టేబుల్ దగ్గరికి ఫ్రేమూ, దాని కింద పుస్తకమూ పట్టుకుని వెళ్ళాను. గుండ్లు చెదరకుండా రెండు చేతులతో, అడుగులో అడుగు వేసుకుంటూ. వరసలన్నీ ఉన్నాయి. పగులు లేదు. ఉమాకాంతం గారి ముందు పెట్టాను.

"ఇది అసంపూర్ణం కాదండి."

ఆయన చూశారు. బాగా చూశారు. "నేను వెళ్ళాక కుదిరిందా?"

"అవునండి."

"చూడమ్మా, మేం చూసిందే రాస్తాం."

"మీరు చూడంది కూడా రాశారండి."

టీ కప్పులు ఆగాయి. ప్రద్యుమ్న సార్ "రూబీ!" అన్నారు. కమలాంబ మేడమ్ దూరంగా కుర్చీలో కూచుని ఉన్నారు, లేవలేదు. నా వైపు చూసి ఒక్కసారి తలూపారు.

ఉమాకాంతం గారు కప్పు కింద పెట్టారు. కోపంగా ఉన్నారో లేదో తెలియలేదు. "బహుమతులు అయిపోయాయి. ఇప్పుడు మార్చలేం. ఏం చెయ్యమంటావు మరి?"

"బహుమతి వద్దండి. ఏడు నిమిషాలు కూచోండి."

ఆయన గడియారం వైపు చెయ్యి తిప్పబోయి ఆగారు. కుర్చీ ముందుకి లాక్కున్నారు. "ఊ, చూపించు. కుదిరిందిగా, చూస్తున్నా."

"ఇలా కాదండి" అన్నాను.

ఫ్రేము రెండు అంచులూ పట్టుకుని గట్టిగా ఊపేశాను. సాయంత్రం దాకా చెదరకుండా కాపాడుకున్న వరసలు ఒక్క క్షణంలో కుప్పైపోయాయి. వెనక ఎవరో "అయ్యో" అన్నారు, వైదేహి గొంతులా ఉంది. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసుకున్నాను.

తర్వాత ఏమైందో రాయాల్సిన పని లేదు. ఈసారి ఆయన చివరిదాకా ఉన్నారు.